ఫ్రీవే ఎక్కేచోట ఆకుపచ్చ బోర్డు

కాలిఫోర్నియాలో ఫ్రీవే (సిగ్నళ్లు లేని పెద్ద రహదారి) ఎక్కే ర్యాంప్, అంటే దాన్ని మామూలు రోడ్డుతో కలిపే దారి, మొదట్లో ఒక ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. దాని మీద తెల్లని అక్షరాలతో ‘ఫ్రీవే ఎంట్రన్స్’ అని, దాంతోపాటే రహదారి నంబరు, అది వెళ్లే దిక్కు, ర్యాంప్‌ను చూపే బాణం. అక్కడి నుంచి మరో రాష్ట్రానికి వెళితే చాలాచోట్ల ఆ రెండు మాటలు కనిపించవు. నంబరు, దిక్కు, బాణంతోనే సరిపెడతారు.

1956 రహదారుల చట్టంతో అమెరికా అంతటా రాష్ట్రాలను కలిపే ఇంటర్‌స్టేట్ రహదారులు విస్తరించాయి. వాటితోపాటు ఒక భయంకరమైన పొరపాటు కూడా పెరిగింది. దిగే ర్యాంప్‌ను ఎక్కే ర్యాంప్ అనుకొని వాహనాలకు ఎదురెళ్లడం. రెండు ర్యాంపులూ పక్కపక్కనే ఉన్న కూడళ్లలో, అందులోనూ రాత్రిపూట, ఈ ముప్పు ఎక్కువ. కాలిఫోర్నియా ఇంజనీర్లు 1960ల్లోనే దీనిపై పరిశోధన మొదలుపెట్టారు. తర్వాత ర్యాంపుల దగ్గర కెమెరాలు అమర్చి, ఎదురొచ్చే వాహనాలను లెక్కించారు. దిగే ర్యాంప్ చివర ‘డు నాట్ ఎంటర్’, ‘రాంగ్ వే’ బోర్డులను హెడ్‌లైట్ల వెలుగు నేరుగా పడేలా కిందికి దించారు. ఎక్కేచోట ‘దారి ఇదే’ అని చెప్పే బోర్డు పెట్టారు. రావద్దని ఆపడంతో వదిలేయకుండా ఎటు వెళ్లాలో కూడా చూపించారు. ఆ ఇంజనీర్ల మీద నాకు గౌరవం కలిగేది ఇక్కడే.

మరి మిగతా రాష్ట్రాల సంగతి? ట్రాఫిక్ గుర్తులకు జాతీయ నియమావళి 1935 నుంచే ఉంది. రాష్ట్రాలు దాన్ని యథాతథంగా పాటించవచ్చు, అనుబంధం చేర్చుకోవచ్చు, లేదా కాలిఫోర్నియాలా దానికి లోబడి సొంత ప్రతి తయారు చేసుకోవచ్చు. ఆ నియమావళి 2009 నాటి ప్రతి ప్రకారం దిగే ర్యాంప్ దగ్గర ‘రాంగ్ వే’ బోర్డు తప్పనిసరి. ఎంట్రన్స్ బోర్డు మాత్రం ‘పెట్టవచ్చు’. రాష్ట్రానికో తీరు ఉండటానికి ఆ ఒక్క మాటే వీలిచ్చింది.

జాతీయ రవాణా భద్రతా బోర్డు 2012 నివేదిక ప్రకారం 2004–2009 మధ్య ఇలాంటి ప్రమాదాల్లో ఏటా సగటున 360 మంది దాకా చనిపోయారు. ఎదురెళ్లిన డ్రైవర్లలో సగానికి పైగా మద్యం తాగినవారే. అరిజోనా 2018లో ఫీనిక్స్‌లోని ఐ-17 (ఇంటర్‌స్టేట్ 17)పై 15 మైళ్ల మేర థర్మల్ కెమెరాలతో ఎదురొచ్చే వాహనాలను పసిగట్టే ఏర్పాటు చేసింది. మంచి పనే, కానీ అది మేల్కొనేది వాహనం దారి తప్పాకే.

రోడ్డుకు ఎడమవైపు నడపడం అలవాటైన మనవాళ్లు అమెరికా వెళ్లిన కొత్తల్లో, ఎడమకు తిరిగి ర్యాంప్ ఎక్కాల్సి వస్తే తడబడటం సహజం. అలాంటివారికి ఆ రెండు మాటలు ఎంత ధైర్యమో! కనీసం రెండు ర్యాంపులూ పక్కపక్కనే ఉన్న కూడళ్లలోనైనా ఆ ‘పెట్టవచ్చు’ను అన్ని రాష్ట్రాలూ ‘పెట్టాలి’గా మార్చుకోవాలి.