పళ్లున్న పట్టా

ఊటీ బొమ్మరైలు ఎక్కినవాళ్లు పట్టాల మధ్య పళ్లతో ఉన్న ఇంకో పట్టాను చూసే ఉంటారు. ఏటవాలులో బండి జారకుండా ఇంజన్ కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. తమాషా ఏమిటంటే, పళ్ల పట్టా మీద రైలింజన్ మొదట నడిచింది కొండల్లో కాదు. ఇంగ్లండ్‌లో లీడ్స్ పక్కన, మిడిల్టన్ బొగ్గు గనుల దగ్గర.

ఆ గనుల యజమాని చార్లెస్ బ్రాండ్లింగ్. బొగ్గు లీడ్స్ చేరాలంటే దారిలో ఇతరుల భూములున్నాయి. వాళ్లతో చేసుకున్న ఒప్పందాలకు 1758లో పార్లమెంటు చేత చట్టం ముద్ర వేయించుకున్నాడు. బ్రిటన్‌లో రైలు దారి కోసం చేసిన మొదటి చట్టం అదే. అప్పట్లో కర్ర పట్టాల మీద బళ్లను గుర్రాలు లాగేవి.

తర్వాత నెపోలియన్‌తో యుద్ధాలొచ్చాయి. గుర్రాలూ ప్రియమయ్యాయి, దాణా కూడా ప్రియమైంది. గనుల వ్యవహారాలు చూసే జాన్ బ్లెంకిన్సాప్ ఆవిరి ఇంజన్ పెడదామనుకున్నాడు. అక్కడే చిక్కు వచ్చింది. 1804లో వేల్స్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ ఇంజన్ 10 టన్నుల ఇనుమునైతే లాగింది గానీ, దాని బరువుకు పోత ఇనుప పట్టాలు పుటుక్కున విరిగాయి. పోత ఇనుము వంగదు, పెళుసు. పోనీ ఇంజన్‌ను తేలిక చేద్దామా? చక్రానికి పట్టా మీద దొరికే పట్టు దాని మీద పడే బరువును బట్టే ఉంటుంది. బరువు తగ్గితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

బ్లెంకిన్సాప్ ఒక పట్టాకు బయటి పక్కన పళ్లు పోత పోయించి, 1811లో పేటెంట్ తీసుకున్నాడు. పట్టు పళ్లే ఇస్తాయి కాబట్టి ఇంజన్ తేలికగా ఉన్నా ఫరవాలేదు. 1812లో లీడ్స్‌లోనే మాథ్యూ ముర్రే ఆ ఇంజన్ కట్టాడు. స్పెయిన్‌లో ఆ ఏడే బ్రిటిష్ సైన్యం గెలిచిన యుద్ధం పేరుమీద దానికి సలమాంకా అని పేరు పెట్టారు. సిలిండర్లు రెండు. ఒకదానిలో పిస్టన్ కొసకొచ్చి ఆగే క్షణంలో రెండోదానిలోని పిస్టన్ తోస్తుంది. బరువు సుమారు 5 టన్నులే, లాగింది మాత్రం 90 టన్నుల దాకా. లాభసాటిగా నడిచిన మొదటి ఆవిరి రైలు ఇదే.

నున్నటి చక్రం జారుతుందని బ్లెంకిన్సాప్ అనవసరంగా భయపడ్డాడని తేలిగ్గా మాట్లాడేవాళ్లున్నారు. నాకది అన్యాయమనిపిస్తుంది. వైలమ్ గని దగ్గర విలియమ్ హెడ్లీ నున్నటి చక్రాలతోనే పఫింగ్ బిల్లీ అనే ఇంజన్‌ను నడిపిన మాట నిజమే. కానీ దాని బరువుకూ పట్టాలు విరిగాయి. చివరికి బరువు పంచడానికి 8 చక్రాలు బిగించాల్సి వచ్చింది. తప్పు చక్రానిది కాదు, పట్టాది. 1820లో జాన్ బర్కిన్‌షా, పోత ఇనుములా పెళుసు కాని చేత ఇనుమును రోలర్లలో సాగదీసి పొడవాటి పట్టాలు చేయడానికి పేటెంట్ పొందాకే బరువైన ఇంజన్లకు దారి దొరికింది.

సలమాంకా అప్పటికే లేదు. డ్రైవర్ సేఫ్టీ వాల్వ్‌తో ఆటలాడడంతో 1818లో బాయిలర్ పేలిపోయింది. 1834లో ఇంకో ఇంజన్ పేలి డ్రైవర్ చనిపోయాడు. మరుసటి ఏడు మిడిల్టన్‌లో మళ్లీ గుర్రాలను కట్టారు. లివర్‌పూల్, మాంచెస్టర్‌ల మధ్య జనం అప్పటికే ఆవిరి రైళ్లలో తిరుగుతున్నారు. మిడిల్టన్‌కు మాత్రం ఆవిరి తిరిగొచ్చింది 1866లోనే.