సంతకం పెట్టని రాజు: ఇటలీలో ఫాసిజం గద్దెనెక్కిన వైనం

ఇటాలియన్‌లో 'ఫాషో' అంటే కట్ట, మోపు. విడి పుల్లను విరిచినంత తేలిగ్గా మోపును విరవలేరు. 1890లలో సిసిలీ పేద రైతులు, కూలీలు తమ సంఘాలకు ఆ పేరే పెట్టుకున్నారు. 1919 మార్చి 23న మిలాన్‌లో ముసోలినీ మొదలుపెట్టిన సంఘానికీ అదే పేరు; ఫాసిజం అన్న మాట అందులోంచే వచ్చింది. అప్పటికాయన సోషలిస్టు పార్టీ వెలివేసిన పత్రికా సంపాదకుడు. ఎనిమిది గంటల పనిదినం, స్త్రీలకు ఓటు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోగేసిన లాభాల జప్తు ఆ సంఘం తొలి కోరికల్లో ఉండేవి. ఆ నవంబరు ఎన్నికల్లో మిలాన్‌లో ఆయన జాబితాకు ఐదు వేల ఓట్లు కూడా పడలేదు. సోషలిస్టులు 156 సీట్లతో దేశంలోకెల్లా పెద్ద పార్టీ అయ్యారు.

మూడేళ్లు తిరక్కుండానే ఆయన ప్రధాని. యుద్ధంలో దాదాపు 6 లక్షల సైనికుల మరణం, గెలిచినా ఆశించిన భూభాగాలు దక్కలేదన్న కసి, మండిపోతున్న ధరలు దీనికి కారణాలని చెబుతారు. నిజమే. కానీ ఆ కసికి కండబలం ఎక్కడ దొరికిందో తెలియాలంటే ఉత్తర ఇటలీలోని పో నది మైదానానికి వెళ్లాలి.

ఫెరారా, బొలోన్యా చుట్టుపక్కల సొంత భూమి లేని దినకూలీలు లక్షల్లో ఉండేవారు. కోతలు అయిపోతే వాళ్లకు పస్తులే. యుద్ధం తర్వాత వాళ్ల సంఘాలు బలపడ్డాయి. ఎవరిని పనిలో పెట్టుకోవాలో సంఘమే చెప్పేది. ఇన్ని ఎకరాలకు ఇంతమందికి చలికాలంలో కూడా పని చూపించాలని భూస్వాములతో ఒప్పందాలు రాయించుకునేది. 1920లో మునిసిపాలిటీలూ సోషలిస్టుల చేతికొచ్చాయి. తరతరాలుగా తమ ముందు టోపీ తీసి నిలబడ్డవాళ్లు షరతులు పెట్టడం భూస్వాములకు మింగుడుపడలేదు.

వాళ్ల డబ్బుతో ఫాసిస్టుల నల్లచొక్కా దళాలు పెరిగాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్ర అధికారులు, విద్యార్థులు రాత్రిపూట లారీల్లో దిగేవారు. సంఘం ఆఫీసునూ సహకార దుకాణాన్నీ తగలబెట్టేవారు. కూలీ నాయకుణ్ని ఇంట్లోంచి లాక్కొచ్చి, దుడ్డుకర్రలతో కొట్టి, బలవంతంగా ఆముదం తాగించేవారు. ఊరివాళ్ల కళ్ల ముందు మనిషి పరువు తీయడమే ఆ ఆముదం పని. చాలాచోట్ల పోలీసులు చూస్తూ నిలబడ్డారు, కొన్నిచోట్ల ఆయుధాలూ ఇచ్చారు. మొదటి ప్రణాళికలోని పేదల కోరికలు ఈలోగా మూలపడ్డాయి. ఫాసిజం లక్షణమేమిటంటే నేను ముందు చెప్పేది ఇదే: సిద్ధాంతం అవసరాన్ని బట్టి మారింది, హింస మాత్రం మారలేదు.

1921లో పాత తరం ఉదారవాద ప్రధాని జొలిట్టి, ఎన్నికల కూటమిలో చేర్చుకుంటే వీళ్లు సాధువవుతారని లెక్కేశాడు. అలా 35 మంది ఫాసిస్టులు పార్లమెంటులో అడుగుపెట్టారు. 1922 అక్టోబరులో దళాలు రోము మీదికి బయల్దేరాయి. వానలో తడిసి, సరైన ఆయుధాలు లేని ఆ గుంపును సైన్యం ఆపగలిగేదే. అప్పటి ప్రధాని ఫాక్టా సైనిక శాసనం విధించే ఉత్తర్వు సిద్ధం చేశాడు. 28వ తేదీ ఉదయం రాజు మూడో విక్టర్ ఇమాన్యుయెల్ దానిపై సంతకం పెట్టనన్నాడు. ముసోలినీ మిలాన్ నుంచి రాత్రి రైల్లో వచ్చి, 30న ప్రధాని పదవి అందుకున్నాడు. 'రోము మీద దండయాత్ర' అన్నది తర్వాత అల్లిన వీరగాథ.

పదేళ్ల తర్వాత జర్మనీలో జరిగింది కూడా ఇలాంటిదే. 1932 నవంబరులో నాజీల ఓట్లు 37 నుంచి 33 శాతానికి తగ్గాయి. అయినా హిట్లర్‌ను అదుపులో పెట్టుకోగలమనుకున్న మాజీ ఛాన్సలర్ పాపెన్ వంటి పెద్దలు 1933 జనవరి 30న ఆయన్ను ఛాన్సలర్‌ను చేయించారు.

పావువంతు ఓట్లతో మొదటి స్థానంలో నిలిచిన జాబితాకు మూడింట రెండు వంతుల సీట్లిచ్చే చట్టాన్ని 1923లో ఇటలీ పార్లమెంటే ఆమోదించింది. 1924 ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలను మే 30న సభలో ఏకరువు పెట్టినవాడు జాకొమో మత్తెయొత్తి. పో మైదానంలోనే కూలీ సంఘాలను నడిపిన సోషలిస్టు, భూమున్న ఇంటి బిడ్డ. జూన్ 10న రోములో పట్టపగలు కారులోకి లాగి ఆయన్ను చంపేశారు. శవం ఆగస్టులో దొరికింది. ప్రతిపక్ష సభ్యులు సభను బహిష్కరించి, రాజు జోక్యం చేసుకుంటాడని ఎదురుచూశారు. ఆయన కదల్లేదు. 1925 జనవరి 3న ముసోలినీ సభలో నిలబడి, జరిగినదానికంతటికీ బాధ్యత తనదేనన్నాడు. ఎవరూ ఆయన్ను ఏమీ చేయలేకపోయారు. 1926 మార్చిలో హంతకుల్లో ముగ్గురికి ఆరేళ్ల లోపు శిక్ష పడింది, కొద్ది నెలల్లోనే బయటికొచ్చారు. కోర్టులో వాళ్ల తరఫున వాదించింది ఫాసిస్టు పార్టీ కార్యదర్శి ఫరినాచీ.