పాత పేపర్లు చూడబోతున్నారా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

అనంతపురంలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేస్తున్నాను. జర్నలిజం చదివే పిల్లల్ని పాత పత్రికలు, పాత అచ్చు సామాను ఉన్న చోట్లకు తీసుకెళ్లడం నాకు ఇష్టమైన పని. అలా వెళ్లినప్పుడు వాళ్ల నోట, వాళ్ల ఇళ్లల్లో పెద్దల నోట పదేపదే వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: పత్రికల చరిత్ర అంటే మద్రాసు, బెజవాడ, హైదరాబాదు. సీమలో ఏముంది?

వాస్తవం: ఈ మాట సీమ పిల్లలే అంటుంటే మనసు చివుక్కుమంటుంది. తెలుగులో తొలి పత్రికగా చాలామంది చెప్పే ‘సత్యదూత’ 1835లో బళ్లారి నుంచి వచ్చింది. క్రైస్తవ మిషనరీల పత్రిక అది. అప్పటికి అనంతపురం జిల్లానే లేదు. 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీసి దీన్ని ఏర్పాటు చేశారు. తొలి పత్రిక గౌరవం 1838 నాటి మద్రాసు ‘వృత్తాంతిని’కి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ వాదం ఎటు తేలినా బళ్లారి పేరు లేకుండా తెలుగు పత్రికల కథ మొదలుకాదు.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులో. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునెల్వేలి కాల్పులను తప్పుపడుతూ వచ్చిన వ్యాసానికి రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. ఇక అనంతపురం సీమలో పప్పూరు రామాచార్యులు 1926లో ‘శ్రీసాధన’ వారపత్రిక మొదలుపెట్టారు. ‘రాయలసీమ’ అన్న పేరు వచ్చిందే 1928 నంద్యాల సభల్లో, చిలుకూరి నారాయణరావు సూచనతో. అప్పటిదాకా మనల్ని దత్తమండలాలు అనేవారు. అంటే ఈ నేలకు ఈ పేరు రాకముందే ఇక్కడి కష్టసుఖాలు రాయడానికి ఒక పత్రిక ఉంది. పిల్లలకు ఈ సంగతి చెప్పాక ‘సీమలో ఏముంది’ అని ఎవరూ అడగరు.

అపోహ: మొదటి పేజీలు చూస్తే చాలు.

వాస్తవం: పిల్లలు నేరుగా పెద్ద శీర్షిక దగ్గరికి పోయి, సెల్లులో ఫొటో తీసుకుని కదిలిపోతారు. నేను వాళ్లను చివరి పేజీ అడుగుకు రమ్మంటాను. ముద్రాపకుడు ఎవరు, ప్రచురణకర్త ఎవరు, ఏ ప్రెస్సులో అచ్చయింది అన్నది అక్కడ సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అచ్చేసినవాళ్ల పేరు, ఊరు లేకుండా పత్రిక బయటికి రాకూడదని 1867లోనే చట్టం వచ్చింది. సర్కారుకు కోపం వస్తే పట్టుకోవడానికి దొరికేది ఆ లైనులో ఉన్న మనిషే. ఆ సంగతి తెలిసీ పేరు వేసుకున్నారు వాళ్లు.

తర్వాత ప్రకటనలు చూడండి. ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు అప్పటికే అమృతాంజనం వ్యాపారి. పత్రిక డబ్బు ఎక్కడిదో తెలియకుండా ఆ పత్రికను అర్థం చేసుకోలేం.

అపోహ: కంపోజింగ్ అంటే టైపు కొట్టడమే కదా.

వాస్తవం: కాదు. ఏరి పేర్చడం. చెక్క కేసులో చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక్కో సీసపు అక్షరం. ఎడమచేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు లైనుగా పేర్చే చిన్న పట్టీ; కుడిచేత్తో అక్షరం. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు, వాటి క్యాపిటల్ రూపాలు చాలు. మనకు గుణింతాలు, వత్తులు కలిసి అరలు వందల్లోకి పోతాయి. పైగా సీసం మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, లైను తలకిందులుగా పేరుతుంది. అలాగే చదివి తప్పు పట్టేవారు కంపోజిటర్లు. గేలీ ప్రూఫులో, అంటే తప్పులు దిద్దడానికి ముందుగా తీసే అచ్చులో, ఒక మాట పెరిగితే ఆ పేరా చివరిదాకా లైన్లన్నీ మళ్లీ సర్దాలి. అందుకే డెస్కులో తీసేసిన మాటకు బదులు అంతే నిడివి ఉన్న మాట వెతికేవారు. అచ్చయ్యాక ప్రతి అక్షరాన్నీ తిరిగి దాని అరలో వేయడం మరో పని. మీరు చూస్తున్న చోట విడి అక్షరాలు ఉంటే, అనుమతి అడిగి ఒకటి అరచేతిలో పెట్టుకోండి. పాత పేజీ వెనక వైపు వెలుతురుకు ఏటవాలుగా చూడండి. అక్షరం కాగితాన్ని కరిచిన గుర్తు కనపడుతుంది.

అపోహ: అప్పట్లో రాసిందల్లా నిజం. తప్పుడు వార్తలు ఇప్పుడే వచ్చాయి.

వాస్తవం: బళ్లారిలో సత్యదూత వచ్చిన ఆ 1835లోనే, న్యూయార్క్ ‘సన్’ పత్రిక చంద్రుడి మీద గబ్బిలం రెక్కల మనుషులున్నారని వరుసగా కథనాలు అచ్చేసింది. అది కావాలని అల్లిన కట్టుకథ. 1948 నవంబరు 3న ‘షికాగో డైలీ ట్రిబ్యూన్’ అమెరికా అధ్యక్ష ఎన్నికలో డ్యూయీ గెలిచాడని పతాక శీర్షిక పెట్టింది, గెలిచింది ట్రూమన్. ఈ రెండూ ఒకటి కాదని పిల్లలకు తప్పకుండా చెబుతాను. రెండోదాని వెనక ముద్రణ కార్మికుల సమ్మె ఉంది. దానివల్ల పేజీలు మామూలు కంటే కొన్ని గంటల ముందే ప్రెస్సుకు వెళ్లాల్సి వచ్చింది. ఓట్ల లెక్కింపు తేలకముందే అంచనా మీద శీర్షిక పెట్టారు. మా దగ్గర దూరాన ఉన్న మడకశిర వైపు ముందుగా వెళ్లే కాపీలో రాత్రి మ్యాచ్ ఫలితం లేకపోవడానికీ కారణం ఆ గడియారమే. పాత పేజీలో తప్పు కనపడితే, అది ఎన్ని గంటలకు ప్రెస్సుకు వెళ్లి ఉంటుందో ముందు ఆలోచించండి.

అపోహ: ఎంత పసుపు రంగు తిరిగితే అంత పాతది.

వాస్తవం: 1980ల నాటి పేపరు కంటే 1780 నాటి కాగితం తెల్లగా ఉండొచ్చు. అప్పటి కాగితం పాత గుడ్డపీలికలతో చేసింది. తర్వాతి న్యూస్‌ప్రింటు చెక్కగుజ్జుది. అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎండకు, గాలికి రంగు మారుతుంది. నిన్నటి పేపరును మన అనంతపురం ఎండలో పెట్టి చూడండి.

అపోహ: మ్యూజియంలో చేరితే ఇక ఢోకా లేదు.

వాస్తవం: పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన పెద్దలు వాషింగ్టన్‌లో న్యూసియం అనే వార్తల మ్యూజియం చూడాలని ఇప్పటికీ అడుగుతుంటారు. బెర్లిన్ గోడ ముక్కలు, సెప్టెంబరు 11 దాడిలో కూలిన టవరు మీది యాంటెన్నా, రోజూ మార్చే దేశదేశాల మొదటి పేజీలతో ఎంతో పేరు తెచ్చుకుంది. 2019 డిసెంబరు 31న మూసేశారు. భవనాన్ని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కొనుక్కుంది. పత్రికా స్వేచ్ఛకు హామీ ఇచ్చే అమెరికా తొలి రాజ్యాంగ సవరణలోని నలభై ఐదు మాటలు చెక్కిన అక్కడి పాలరాతి ఫలకం ఫిలడెల్ఫియాకు వెళ్లింది. మన రాజ్యాంగంలో పత్రికల పేరు విడిగా లేదు. 19(1)(ఎ) అధికరణంలోని భావప్రకటన స్వేచ్ఛలోనే అదీ ఉందని 1950లో రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అంత దూరం పోలేనివాళ్లు కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. తాళపత్రాలు, పాత పుస్తకాలు ఓపిగ్గా చూడాల్సిన చోటు. మీ తాతల అటకల మీద ‘శ్రీసాధన’ సంచికలు గానీ పాత జిల్లా పేజీల కట్టలు గానీ ఉంటే తూకానికి వేయకండి. ఆ జిల్లా పేజీలు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కలేదు. లామినేషన్ చేయించొద్దు, చిరిగినచోట సెలో టేపు అంటించొద్దు; రెండూ కాగితాన్ని పాడుచేస్తాయి. ఎండ తగలని చోట, మడత విప్పి, పరచి పెట్టి, దగ్గర్లోని గ్రంథాలయం వాళ్లకు ఒకసారి చూపించండి.