"ఉత్త గడ్డే కదా మేడమ్": మొక్కలు నాటే పనిలో నేను రోజూ వినే అపోహలు, వాటి వాస్తవాలు

వానలు మొదలయ్యే ముందు నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "మేడమ్, మాకు ఇరవై ఎకరాలు ఖాళీగా పడి ఉంది. అడవి పెంచుదామనుకుంటున్నాం. ఎన్ని మొక్కలు పడతాయి?" మొన్న ఫోన్ చేసినాయన కూడా ఇదే అడిగారు. ఇప్పుడు ఆ నేల మీద ఏముందండీ అన్నాను. "ఏముంటుంది మేడమ్, ఉత్త గడ్డి."

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది. దెబ్బతిన్న నేలలను మళ్లీ దారిలో పెట్టడం నా వృత్తి. ఇందులోకి వచ్చిన కొత్తలో నేనూ ఆ మాటే అన్నాను. అని ఊరుకోకుండా గుంతలు కూడా తవ్వించాను.

అపోహ: మొక్క ఎక్కడ నాటినా మేలే

కాదు. ఈ ఒక్క నమ్మకం వల్ల పోయిన డబ్బు, శ్రమ, నేల మిగతా అపోహలన్నీ కలిపినా పోయి ఉండవని నా లెక్క.

గడ్డి నేలల్లో రెండు రకాలున్నాయి. అడవిని కొట్టేశాక మిగిలింది ఒకటి. ఎప్పుడూ అడవి కాకుండా వేల ఏళ్లుగా గడ్డిగానే ఉన్నది ఇంకొకటి. మొదటిదానిలో చెట్లు తిరిగి రావాలి, సరే. రెండోదాన్ని అడవి చేస్తామనడం చెరువు పూడ్చి తోట వేస్తామన్నట్టే. అక్కడి వాన, పలచటి మట్టి, అప్పుడప్పుడూ అంటుకునే మంటలు, మేసే జంతువులు కలిసి దాన్ని గడ్డిగా నిలబెట్టాయి. నీడ పడితే బతకని పూల మొక్కలు, నేల మీదే గూడు పెట్టే పిట్టలు అక్కడ చేరాయి. మరి చెట్లు గాల్లోంచి పీల్చుకుని దాచే కార్బన్ సంగతేంటని అడుగుతారు. గడ్డి నేల తన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని వేర్లలో, మట్టిలో దాచుకుంటుంది. పైన గడ్డి కాలిపోయినా కింది మూట భద్రంగానే ఉంటుంది. ఇలాంటి పాత గడ్డి నేలను ఒకసారి తిరగేశామంటే పూర్వపు స్థితికి రావడానికి దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు పడుతుంది.

ఇక నా కథ. అదొక గడ్డి వాలు. మూడేసి మీటర్ల ఎడంతో సున్నం చుక్కలు పెట్టించి, చుక్క చుక్కకీ గుంత తీయిస్తున్నాను. గడ్డపార పట్టుకున్నాయన ఒక చుక్క దగ్గర ఆగిపోయి "ఇక్కడ గుడ్లున్నాయి" అన్నాడు. వంగి చూస్తే గడ్డి దుబ్బు మొదట్లో అరచేతిలో సగమంత గూడు. మట్టిరంగు గుడ్లు మూడు, వాటి మీద గోధుమరంగు మచ్చలు. కొన మీద సున్నం పొడి కూడా పడింది. నేను చాలా దయగా ఆ చుక్కను జానెడు పక్కకు జరిపించి, ఆ రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను. మిగతా వాలంతా అలాంటి గూళ్లకే చోటు అన్న ఆలోచన తట్టనే లేదు.

మూడో ఏడు వెళ్లి చూస్తే నాటినవాటిలో సగానికి పైగా ఎండిపోయాయి. బతికినవన్నీ బయటి ప్రాంతపు, గబగబా పెరిగే జాతి. వాటి కింద గడ్డి పలచబడి మట్టి కనిపిస్తోంది. వాలు అడుగున ఉండే సన్నటి ఊట ఆ ఏడు ముందే ఆగిపోయింది. అది ఆ చెట్ల వల్లేనని నేను తేల్చి చెప్పలేను, కొలతలు తీసుకోలేదు కాబట్టి.

కొలిచినవాళ్లు మాత్రం ఉన్నారు. దక్షిణాఫ్రికాలో పొదలు, గడ్డి ఉండే పరీవాహక ప్రాంతాల్లో పైన్ చెట్లు నాటి, కింద వాగుల్లో ప్రవాహాన్ని దశాబ్దాల పాటు కొలిచారు. చెట్లు ఎదిగేకొద్దీ వాగులు తగ్గాయి. చివరికి 1995లో అక్కడి ప్రభుత్వమే కూలి ఇచ్చి, నీటి వనరుల దగ్గర పాతుకుపోయిన బయటి జాతి చెట్లను కొట్టించే పథకం మొదలుపెట్టింది. పర్యావరణం కోసం చెట్లు కొట్టించడం! ఈ సంగతి చెబితే మొదటిసారి వినేవాళ్లు నన్ను అదోలా చూస్తారు.

స్కాట్లాండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీ అనే పెద్ద చిత్తడి నేల ఉంది. అక్కడిది పీట్ మట్టి, అంటే సగం కుళ్లిన నాచు వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్నది. 1980ల్లో దాన్ని పనికిరాని బురదగా లెక్కగట్టి, కాలువలు తీసి నీళ్లు తోడేసి, పైన్ జాతి చెట్లు నాటారు. పీట్ ఎండితే అందులోని కార్బన్ గాల్లోకి పోతుంది. ఇప్పుడు అదే చోట చెట్లు కొట్టేసి కాలువలు పూడుస్తున్నారు. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే, కానీ అవి దాచుకున్న కార్బన్ అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ. తీరంలోనూ ఇదే తంతు. ఫిలిప్పీన్స్‌లో అలలకు ఎదురుగా ఉన్న బురద మీద, సముద్రపు గడ్డి మీద మడ మొక్కలు నాటారు. చాలా భాగం బతకలేదు, సముద్రపు గడ్డి కూడా దెబ్బతింది.

అపోహ: అడవి రావాలంటే నాటాల్సిందే

ఆఫ్రికాలోని నైజర్ దేశం సంగతి వినండి. ఎడారి అంచున ఏళ్ల తరబడి మొక్కలు నాటారు, దాదాపు అన్నీ చచ్చాయి. ఆ పనిలో ఉన్న టోనీ రినాడో 1980ల మొదట్లో, తాను రోజూ పొదలనుకుంటూ దాటిపోయేవి పొదలు కావని, కొట్టేసిన చెట్ల మోళ్ల నుంచి వచ్చిన పిలకలని గమనించారు. కింద వేరు బతికే ఉంది. పైన వచ్చేదాన్ని ఏటా కోసేస్తున్నారు, అంతే. బలమైన పిలకలు కొన్ని ఉంచి మిగతావి తీసేసి, ఉంచినవాటిని కాపాడమని రైతులకు చెప్పారు. అలా నైజర్‌లో సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి వచ్చాయి. నర్సరీ లేదు, పాలిథిన్ కవర్లు లేవు, ట్యాంకర్ నీళ్లూ లేవు.

అందుకే నన్ను ఎవరు పిలిచినా మొదటి రోజు చేసేది నడకే. మోళ్లున్నాయా, పిలకలు వస్తున్నాయా? గడ్డపారతో మట్టి తీసి పొర ఎంత మందమో చూస్తాను. ఆ చోట ఒకప్పుడు ఏముండేదో పెద్దవాళ్లను అడుగుతాను. వానలో ఒకసారి, ఎండలో ఒకసారి చూడాలి. మోళ్లుంటే వాటికి కాపలా పెట్టండి. లాంటానా లాంటి ఆక్రమణ మొక్కలు కమ్మేస్తుంటే ముందు వాటిని తీయండి. పాత గడ్డి నేలైతే దయచేసి వదిలేయండి. నాటడం చివరి మాట. నాటినా అక్కడి జాతులే నాటండి, మూడేళ్ల సంరక్షణకు డబ్బు పక్కన పెట్టుకున్నాకే గుంత తీయండి. నాటిన రోజు ఫోటోలో లక్ష మొక్కలైనా పడతాయి. మూడో ఏడు ఫోటో మాత్రం ఎవరూ పంపరు.

మిగిలినవి చకచకా చెప్పేస్తాను. అమెజాన్ మనకు 20 శాతం ఆక్సిజన్ ఇస్తుందన్నది ఉత్త పుకారు. ఆ అడవి తయారుచేసే ఆక్సిజన్‌ను దాదాపు అంతా అక్కడి చెట్ల శ్వాసే, ఆకులు కుళ్లబెట్టే సూక్ష్మజీవులే వాడేస్తాయి. అమెజాన్‌ను కాపాడాలంటే అది కురిపించే వానలు చాలు కారణంగా, దాచుకున్న కార్బన్ చాలు. తేనెటీగల పెట్టెలు పెడితే తేనెటీగ జాతులను కాపాడినట్టు కాదు. ప్రపంచంలో 20 వేలకు పైగా తేనెటీగ జాతులున్నాయి, పెట్టెల్లో పెంచేవి కొన్నే. పూలు తక్కువున్న చోట అవి అడవి తేనెటీగల తిండికే పోటీకొస్తాయి. 'కంపోస్టబుల్' అని రాసున్న సంచుల్లో చాలావాటికి ఫ్యాక్టరీ కంపోస్టులో ఉండే 60 డిగ్రీల దాకా వేడి కావాలి. కాలువలో పడేస్తే అదీ మామూలు ప్లాస్టిక్ లాగే తేలుతుంది.

అపోహ: ఇంకెన్నాళ్లో లేదు, ఇక చేసేదేమీ లేదు

దీని మీద మాత్రం విసుక్కోలేను. అడిగేవాళ్లు ఎక్కువగా పిల్లలు, కొత్తగా తల్లులైనవాళ్లు. ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది. "2030కి అంతా అయిపోతుందట కదా మేడమ్, చదువుకుని ఏం లాభం?" ఆ టెన్షన్‌లో నిద్ర పట్టడం లేదట. వెంటనే ఫోన్ చేశాను.

తల్లీ, 2030 ప్రళయం తేదీ కాదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2018 నివేదికలో అన్నది ఇది: పరిశ్రమలు రాకముందుతో పోలిస్తే వేడి పెరుగుదల 1.5 డిగ్రీల దగ్గర ఆగాలంటే కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2030 నాటికి 2010 స్థాయి నుంచి సుమారు 45 శాతం తగ్గాలి, 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకు రావాలి, అంటే గాల్లోకి వదిలేదెంతో తిరిగి తీసేదీ అంతే కావాలి. గడువు దాటిన మర్నాడు లోకం మునిగిపోతుందని కాదు. 1.6 దగ్గర ఆగితే 1.7 కంటే నయం, 1.7 దగ్గర ఆగితే 1.8 కంటే నయం. ఓజోన్ పొర ఉందిగా? (అది వేరే సమస్య, గ్లోబల్ వార్మింగ్‌తో కలిపేయకు.) 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని, దాన్ని తినేసే రసాయనాలను దాదాపు 99 శాతం ఆపేశాయి. అంటార్కిటికా పైన చిల్లు 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి పూడుకుంటుందని శాస్త్రవేత్తల అంచనా. అంతా విని ఆ అమ్మాయి "అప్పటికి నాకు అరవై ఏళ్లు దాటతాయి" అంది. దాటనీ, చూస్తావుగా అన్నాను.

మొన్నటి ఇరవై ఎకరాలాయన దగ్గరికి వెళ్లొచ్చాను. పైభాగమంతా పాత గడ్డి నేల. కింద వాగు పక్కన మాత్రం మోళ్లు కనిపించాయి, ఒక్కోదానికి పది పదిహేను పిలకలు. వాటి చుట్టూ కంచె కట్టమన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "నర్సరీలో రెండు వేల మొక్కలు చెప్పేశాను మేడమ్." రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టేసిన చోట అవి సరిపోయాయి. గడ్డిలో ఒక్క గుంత కూడా పడలేదు. ఇప్పుడు ఆయన పొద్దున్నే ఆ వాలు మీద నడుస్తూ "ఇదేం పువ్వు మేడమ్, ఇదేం గడ్డి" అని ఫోటోలు పంపుతున్నారు. వాటిలో సగం పేర్లు నాకూ తెలియవు, పుస్తకం తిరగేసి చెబుతున్నాను.