మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో కొత్తగా చేరేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

మైన్‌క్రాఫ్ట్ ఒక్కరే ఆడుకున్నన్నాళ్లు ఏ పేచీ ఉండదు. ఇల్లు కట్టినా కూల్చినా అడిగేవాళ్లు లేరు. నలుగురితో కలిసి ఆడదామని 'మల్టీప్లేయర్' బటన్ నొక్కిన రోజునుంచే సందేహాలు మొదలవుతాయి. మా చుట్టాల పిల్లలకీ వాళ్ల స్నేహితులకీ నేనొక చిన్న సర్వర్ నడుపుతుంటాను. పిల్లలు అడిగేవీ, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేవీ ఎప్పుడూ ఇంచుమించు ఇవే. సగం అపోహలు షార్ట్ వీడియోలు చూసి పుట్టినవి.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. సర్వర్ అంటే ఎవరో ఒకరు సొంత కంప్యూటర్లోనో, అద్దెకు తీసుకున్న కంప్యూటర్లోనో నడుపుతున్న ఒక ప్రపంచం, అంతే. ఆ కంప్యూటర్ ఎక్కడుంది, దాన్ని నడిపేది ఎవరు, వాళ్ల నియమాలేంటి అని అడగడం అలవాటైతే కింద రాసినవాటిలో చాలా వరకు మీకే తెలిసిపోతాయి.

అపోహ: గేమ్ ఉంటే చాలు, ఏ సర్వర్లోకైనా వెళ్లొచ్చు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మైన్‌క్రాఫ్ట్‌లో రెండు ఎడిషన్లున్నాయి. జావా ఎడిషన్ విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలోనే నడుస్తుంది. బెడ్‌రాక్ ఎడిషన్ ఫోన్లు, ట్యాబ్లెట్లు, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్‌లతో పాటు విండోస్‌లోనూ నడుస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి పూర్తిగా వేరు. జావా సర్వర్లోకి బెడ్‌రాక్ వాళ్లు మామూలుగా రాలేరు, అటువాళ్లు ఇటు కూడా అంతే.

ఫోన్లో ఆడే పిల్లలు యూట్యూబ్‌లో హైపిక్సెల్ చూసి, ఆ అడ్రస్ కొట్టి, కనెక్ట్ కావడం లేదని దిగాలు పడతారు. 2013లో మొదలైన హైపిక్సెల్ జావా సర్వర్. ఫోన్లో ఎన్నిసార్లు కొట్టినా తలుపు తెరుచుకోదు. ఫోన్లో ఉన్నవాళ్లు 'సర్వర్స్' ట్యాబ్‌లో కనిపించే హైవ్, క్యూబ్‌క్రాఫ్ట్, లైఫ్‌బోట్ లాంటివాటితో మొదలుపెట్టడం మేలు.

కంప్యూటర్‌కి కొనేవాళ్లకి ఈ తలనొప్పి తగ్గింది. 2022 జూన్ నుంచి విండోస్‌లో రెండు ఎడిషన్లూ కలిపి ఒకే ప్యాక్‌గా అమ్ముతున్నారు. లాంచర్లో (గేమ్‌ని తెరిచే ప్రోగ్రామ్‌లో) ఏది కావాలంటే అది తెరవొచ్చు. ఫోన్లో కొన్నదానికి మాత్రం కంప్యూటర్లో గేమ్ ఉచితంగా రాదు. "ఒకసారి కొన్నాం కదా, మళ్లీ ఎందుకు?" అని చాలామంది నాన్నలు నన్ను అడిగారు. అవి వేర్వేరు కొనుగోళ్లు, అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

రెండు ఎడిషన్లనీ కలిపే దారి ఒకటుంది. జావా సర్వర్ యజమాని గీజర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే బెడ్‌రాక్ వాళ్లు కూడా అందులోకి రావచ్చు. పెట్టాలా వద్దా అన్నది ఆయన ఇష్టం, ఆటగాళ్ల చేతిలో ఏమీ లేదు. ఇంకో చిన్న తేడా: జావాలో మామూలు పోర్ట్ (సర్వర్లోకి వెళ్లే తలుపు నంబర్) 25565 అయితే అడ్రస్ పక్కన రాయక్కర్లేదు. బెడ్‌రాక్‌లో పోర్ట్‌కి వేరే గడి ఉంటుంది, అందులో మామూలుగా 19132 ఉంటుంది. సర్వర్ వాళ్లు వేరే అంకె ఇస్తే దాన్ని మార్చాలి. ఒక్క అంకె తప్పినా కనెక్ట్ కాదు.

అపోహ: 'అవుట్‌డేటెడ్' అని వస్తే ఆ సర్వర్ మూతపడినట్టే

కాదు. 'అవుట్‌డేటెడ్ క్లయింట్' అంటే మీ గేమ్ పాతది. 'అవుట్‌డేటెడ్ సర్వర్' అంటే మీ గేమ్ వాళ్లకన్నా కొత్తది. జావాలో దీనికి మందు తేలిక. లాంచర్లో 'ఇన్‌స్టలేషన్స్'లోకి వెళ్లి సర్వర్ వాడే వెర్షన్‌తో కొత్తది ఒకటి తయారుచేసుకుంటే చాలు. ఫోన్లో ఆ సదుపాయం లేదు. గేమ్ దానంతటదే అప్‌డేట్ అయిపోతే సర్వర్ వాళ్లు అందుకునేదాకా ఆగాల్సిందే.

అపోహ: సర్వర్లో ఆడాలంటే నెలనెలా డబ్బు కట్టాలి

గేమ్ కొనాలి. ఆ తర్వాత ఎక్కువ సర్వర్లలో చేరడం ఉచితమే. సర్వర్లలో కనిపించే ర్యాంకులు, రంగురంగుల పేర్లు, టోపీలు వాళ్ల ఖర్చులు రాబట్టుకోవడానికి. డబ్బు ఇచ్చినవాళ్లకి ఆటలో గెలిచే బలం అమ్మకూడదని గేమ్ తయారుచేసిన మొజాంగ్ కంపెనీ నియమం ఉంది. దాన్ని పాటించని సర్వర్లూ ఉన్నాయి. వజ్రాల కత్తిని రూపాయలకి అమ్మే చోటికి పిల్లల్ని పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రియల్మ్స్ అనేది మైక్రోసాఫ్ట్ వాళ్లే అద్దెకిచ్చే సర్వర్. దానికి నెలసరి చందా ఉంది, కానీ కట్టేది యజమాని ఒక్కరే. పిలిస్తే వచ్చినవాళ్లు దానికి ఏమీ కట్టక్కర్లేదు. కన్సోల్‌లో ఆడేవాళ్లకి మాత్రం ఆన్‌లైన్ సభ్యత్వం ఖర్చు వేరుగా ఉండొచ్చు. అటెర్నోస్ లాంటి ఉచిత సేవలూ ఉన్నాయి. అందులో ఎవరూ ఆడకపోతే సర్వర్ ఆగిపోతుంది. ఆడాలనుకున్నప్పుడు మళ్లీ మొదలుపెట్టి, రద్దీగా ఉంటే వరుసలో వేచి ఉండాలి. నలుగురు స్నేహితులకి అది సరిపోతుంది.

అపోహ: క్రాక్డ్ సర్వర్ అయినా మామూలు సర్వర్ అయినా ఒకటే

ఈ ఒక్కదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నష్టం జరిగాక గానీ తేడా తెలియదు.

జావా సర్వర్ సెట్టింగుల ఫైల్లో 'ఆన్‌లైన్ మోడ్' అని ఒక వరుస ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, మీరు లోపలికి రాగానే "ఈ పేరు నిజంగా ఈ అకౌంట్‌దేనా?" అని మైన్‌క్రాఫ్ట్ వాళ్ల అసలు సర్వర్లని అడిగి ధ్రువీకరించుకుంటుంది. క్రాక్డ్ సర్వర్లో దాన్ని ఆపేస్తారు. గేమ్ కొననివాళ్లు కూడా రావడం కోసమే అది. అప్పుడు ఎవరు ఏ పేరుతోనైనా రావచ్చు. మీ పేరుతో ఇంకొకడు వస్తాడు, అడ్మిన్ పేరుతో కూడా వస్తాడు.

దాన్ని అడ్డుకోవడానికే అలాంటి సర్వర్లలో చేరగానే 'రిజిస్టర్' కమాండ్ కొట్టి పాస్‌వర్డ్ పెట్టమంటారు. మీరు కొట్టిన ఆ పాస్‌వర్డ్ చేరేది ముక్కూమొహం తెలియని మనిషి కంప్యూటర్‌కి. ఆయన మంచివాడే కావచ్చు, కాకపోనూవచ్చు. పిల్లలు అక్కడ పెట్టేది దాదాపు ఎప్పుడూ జీమెయిల్ పాస్‌వర్డే, ఎందుకంటే వాళ్లకి గుర్తుండేది అదొక్కటే. తప్పనిసరై అలాంటి సర్వర్లో ఆడితే ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టాలి. మామూలు సర్వర్ ఏదైనా మీ మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ అడిగితే మాత్రం వెంటనే బయటికి వచ్చేయండి. దానితో ఏ సర్వర్‌కీ పని ఉండదు.

అపోహ: సర్వర్లో చేరితే కంప్యూటర్‌కి వైరస్ వస్తుంది

సర్వర్ మీకు పంపేది ప్రపంచంలోని దిమ్మలు, చాట్, శబ్దాలు, ఒప్పుకుంటే ఒక రిసోర్స్ ప్యాక్ (గేమ్ బొమ్మల్నీ శబ్దాల్నీ మార్చే ఫైళ్లు). చేరినంత మాత్రాన మీ కంప్యూటర్లో ప్రోగ్రామ్ ఏదీ ఇన్‌స్టాల్ కాదు.

అలాగని ఈ భయం ఉత్తదేమీ కాదు. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే లైబ్రరీలో (ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్‌లో) పెద్ద లోపం బయటపడింది. జావా ఎడిషన్ కూడా ఆ లైబ్రరీనే వాడుతుంది. చాట్‌లో ఒక ప్రత్యేకమైన వాక్యం పెడితే అవతలివాళ్ల కంప్యూటర్లో కోడ్ నడిపించే వీలుండేది. 1.18.1 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు, అసలు లాంచర్లో పాత వెర్షన్లకీ మరమ్మతు చేశారు. ఎక్కడో దొరికిన దొంగ లాంచర్లో పాత వెర్షన్ ఆడేవాళ్లకి ఆ మరమ్మతు అందిందో లేదో చెప్పేవాళ్లు లేరు.

అసలు ప్రమాదం సర్వర్ బయట ఉంటుంది. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్వేర్ దొరికింది. అది దొరికింది అనామక సైట్లలో కాదు, అందరూ వాడే కర్స్‌ఫోర్జ్ సైట్లోని కొన్ని మాడ్లలో (గేమ్‌ని మార్చడానికి అదనంగా వేసుకునే ఫైళ్లలో). 'ఈ మాడ్ వేసుకుంటేనే మా సర్వర్లో ఆడగలవు' అని ఎవరైనా చాట్‌లో లింక్ పెడితే ఆగి ఆలోచించాలి. 'వెరిఫై చేసుకో' అని డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఈమెయిల్ అడిగి, తర్వాత మెయిల్‌కి వచ్చిన కోడ్ కూడా అడిగేవాళ్లు అకౌంట్ దొంగలే. కోడ్ చెబితే అకౌంట్ పోయినట్టే.

ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ నంబర్) సంగతి: అవును, సర్వర్ యజమానికి అది కనిపిస్తుంది. దానితో ఇంటి నంబర్ తెలియదు, మహా అయితే ఏ కంపెనీ నెట్, సుమారుగా ఏ ప్రాంతం అన్నది తెలుస్తుంది.

అపోహ: ల్యాగ్ వస్తోందంటే నెట్ ప్లాన్ పెంచాలి

ఆట ఆలస్యంగా, ఆగి ఆగి నడిస్తే ల్యాగ్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి.

మొదటిది దూరం. హైదరాబాద్ నుంచి ముంబైలో ఉన్న సర్వర్‌కీ, అమెరికాలో ఉన్న సర్వర్‌కీ సందేశం వెళ్లొచ్చే సమయంలో చాలా తేడా ఉంటుంది. సముద్రం కింది కేబుల్లో ప్రయాణించే సమయాన్ని మీ ప్లాన్ ఎంత పెద్దదైనా తగ్గించలేదు. జావా సర్వర్ల జాబితాలో అడ్రస్ పక్కన పచ్చ గీతలు కనిపిస్తాయి, వాటిమీద మౌస్ పెడితే పింగ్ (ఆ వెళ్లొచ్చే సమయం) ఎన్ని మిల్లీసెకన్లో చూపిస్తుంది. ఐదు గీతలూ నిండుగా ఉంటే 150లోపు అన్నమాట.

మా సర్వర్లో ఆడే పిల్లల్లో కొందరు హైదరాబాద్, విజయవాడల్లో ఉంటే కొందరు డాలస్‌లో ఉన్నారు. ఇక్కడ ఆదివారం పొద్దున, అక్కడ శనివారం రాత్రి అందరూ కలుస్తారు. ఎక్కువమంది ఇటు ఉన్నారు కాబట్టి సర్వర్ ముంబైలో పెట్టాను. డాలస్ పిల్లలు ఇళ్లు కట్టడంలో, తోటలు వేయడంలో ఏ ఇబ్బందీ పడరు. కత్తులు పట్టుకుని తలపడితే మాత్రం ఓడిపోతారు, ఓడిన ప్రతిసారీ గొడవే. అందుకని మా దగ్గర కొట్లాటలు తీసేశాం.

రెండోది సర్వర్ అలసట. మైన్‌క్రాఫ్ట్ సెకనుకి 20 టిక్‌ల (అడుగుల) లెక్కన నడవాలి. వందల కోళ్లు ఒకే గుంతలో పెంచినా, రెడ్‌స్టోన్ (గేమ్‌లో కరెంటు లాంటిది) యంత్రాలు ఆగకుండా తిరుగుతున్నా ఆ లెక్క తప్పుతుంది. చాట్ మామూలుగా వస్తూ ఉండి, జంతువులు మాత్రం నిలబడిపోయి, పగలగొట్టిన దిమ్మ తిరిగి వచ్చేస్తుంటే ఎక్కువసార్లు తప్పు సర్వర్‌దే. అప్పుడు రౌటర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయడం దండగ.

మూడోది మీ కంప్యూటర్. తల తిప్పినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే అది నెట్ కాదు. సెట్టింగుల్లో రెండర్ డిస్టెన్స్ (ఎంత దూరం వరకు కనిపించాలో) తగ్గించి చూడండి.

అపోహ: 'ఓపెన్ టు ల్యాన్' నొక్కితే ఊళ్లో ఉన్న బావ కూడా వచ్చేయొచ్చు

ల్యాన్ అంటే ఒకే వైఫైలో ఉన్నవాళ్లు. బావ మీ ఇంటికొచ్చి మీ వైఫై పట్టుకుంటే వస్తాడు, అక్కడే ఉంటే రాలేడు. రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయమని (బయటివాళ్లకి పోర్ట్ తెరవమని) వీడియోలు చెబుతాయి. మన దేశంలో చాలా ఇళ్ల కనెక్షన్లకి, మొబైల్ డేటాకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు, దీన్నే సీజీనాట్ అంటారు. అలాంటి కనెక్షన్లో పోర్ట్ ఎంత తెరిచినా బయటినుంచి ఎవరూ రాలేరు. నెట్ కంపెనీని అడిగి స్టాటిక్ ఐపీ (మారని సొంత ఐపీ) తీసుకోవాలి, లేదంటే రియల్మ్స్, అద్దె సర్వర్ లాంటివి చూసుకోవాలి. బెడ్‌రాక్‌లో కాస్త నయం, ఫ్రెండ్స్ జాబితాలో ఉన్నవాళ్లు ఎక్కడినుంచైనా మీ ప్రపంచంలోకి రావచ్చు. అయితే మీరు ఆడుతున్నంతసేపే.

అపోహ: నేను లేనప్పుడు నా ఇల్లు భద్రంగా ఉంటుంది, పంట పెరుగుతుంది

మీరు బయటికి వస్తే మీ బొమ్మ కూడా మాయమవుతుంది, దాన్ని ఎవరూ చంపలేరు. ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది, పెట్టె ఎవరైనా తెరవొచ్చు. అందుకే స్థలాన్ని క్లెయిమ్ చేసుకునే ప్లగిన్ (సర్వర్‌కి అదనంగా చేర్చే సాఫ్ట్‌వేర్) ఉందా అని చేరగానే అడగండి. గ్రీఫ్‌ప్రివెన్షన్ ఉన్నచోట బంగారు పారతో హద్దులు గీసుకుంటారు. ఎవరు ఏ దిమ్మ తీశారో రాసిపెట్టి వెనక్కి తెచ్చే కోర్‌ప్రొటెక్ట్ మా సర్వర్లో ఉంది. అది లేకపోతే సగం పంచాయతీలు తేలేవి కావు. పంట విషయానికొస్తే, ఆటగాడెవరైనా దగ్గర్లో ఉంటేనే పెరుగుతుంది.

అపోహ: అడ్మిన్‌తో స్నేహం చేస్తే ఓపీ (ఆపరేటర్ అధికారం) ఇస్తాడు

చేరిన ఐదు నిమిషాలకే ఓపీ అడగడం, ఇంటికొచ్చిన చుట్టం బీరువా తాళాలు అడిగినట్టుంటుంది. మామూలు సెట్టింగుల్లో ఓపీ ఉన్నవాడు సర్వర్‌ని మొత్తంగా ఆపేయగలడు కూడా.

అపోహ: 'మల్టీప్లేయర్ ఈజ్ డిజేబుల్డ్' అని వస్తే గేమ్ పాడైనట్టు

గేమ్ బాగానే ఉంది. అకౌంట్ తెరిచినప్పుడు పిల్లల అసలు పుట్టినరోజు ఇచ్చారు కాబట్టి మైక్రోసాఫ్ట్ దాన్ని చైల్డ్ అకౌంట్‌గా తీసుకుంది. అమ్మ గానీ నాన్న గానీ తమ అకౌంట్‌తో ఎక్స్‌బాక్స్ ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి, పిల్లల ప్రొఫైల్లో మల్టీప్లేయర్ గేమ్స్‌లో చేరడానికి అనుమతి ఇవ్వాలి. చాట్ అనుమతి వేరే వరుసలో ఉంటుంది. అది మొదట్లో ఫ్రెండ్స్ వరకే ఉంచొచ్చు. వేరే పుట్టిన సంవత్సరం వేసి ఇంకో అకౌంట్ తెరవడం మాత్రం వద్దు, కొన్న గేమ్ పాత అకౌంట్లోనే ఉండిపోతుంది. సెట్టింగ్ మార్చాక లాంచర్లో ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, లేకపోతే పాత మెసేజే కనిపిస్తూ ఉండొచ్చు.