డ్యూక్ భవంతి పోయింది, తోట మిగిలింది

ఇంగ్లాండ్‌లో నదుల్లోకి మురుగునీరు వదలడంపై కొన్నేళ్లుగా పెద్ద గొడవే నడుస్తోంది. ఈ జబ్బు ఎంత పాతదో తెలియాలంటే స్టాఫర్డ్‌షైర్‌లోని ట్రెంటమ్ కథ చూడాలి. అక్కడ తోట నిక్షేపంగా ఉంది. ఏ భవంతి కోసం ఆ తోట వేశారో అదే లేదు.

మైలు పొడవున సాగే చెరువు, చుట్టూ పచ్చిక బయళ్లు 18వ శతాబ్దంలో తోటల రూపకర్త కేపబిలిటీ బ్రౌన్ తీర్చిదిద్దినవి. 1830ల్లో చార్లెస్ బ్యారీ వచ్చాడు. లండన్‌లోని పార్లమెంటు భవనానికి రూపమిచ్చింది ఈయనే. సదర్లాండ్ రెండో డ్యూక్ కోసం పాత ఇంటిని పెద్ద ప్రాసాదంగా మార్చి, దాని ముందు చెరువు దాకా అంచెలంచెలుగా దిగే ఇటాలియన్ తోట వేశాడు. ఇదే కుటుంబం అంతకుముందు స్కాట్లాండ్‌లోని తన ఎస్టేట్‌లో గొర్రెల పెంపకం కోసం వేలమంది కౌలుదార్లను ఊళ్ల నుంచి వెళ్లగొట్టింది. ఆ పని జరిగిన కాలంనాటి మొదటి డ్యూక్ విగ్రహం ఇప్పటికీ ట్రెంటమ్ కొండ మీద ఉంది. తోటను మెచ్చుకునేవాళ్లు ఆ కౌలుదార్లనూ తలుచుకోవాలి.

ఎగువన స్టోక్ చుట్టూ పింగాణీ పరిశ్రమ పెరిగింది. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు ట్రెంట్ నదిలో కలిసి భవంతి పక్కగానే పారేవి. ఆ కంపుతో అక్కడ కాపురం కష్టమై 1905 నాటికి కుటుంబం వెళ్లిపోయింది. విద్యాసంస్థకు వాడుకోమని భవంతిని కౌంటీ కౌన్సిల్‌కు ఇస్తామన్నారు. బేరం కుదరలేదు. 1912-13లో చాలా భాగం కూల్చేశారు. గోపురం పైభాగం మాత్రం అదే కౌంటీలోని మరో ఎస్టేట్ సాండన్ హాల్ పార్కుకు చేరి, ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది.

తర్వాత తోట జనం విహారానికి వచ్చే చోటయింది. 1931లో బాల్‌రూమ్ కూడా కట్టారు. శతాబ్దం చివరికి అంతా పాడుబడింది. 2000ల్లో తోటల రూపకర్త టామ్ స్టువర్ట్-స్మిత్ పునరుద్ధరణకు పూనుకుని, బ్యారీ గీసిన మళ్లను అలాగే ఉంచాడు. కానీ సీజన్‌కోసారి పీకి మళ్లీ నాటే పూలమొక్కల స్థానంలో ఏళ్ల తరబడి బతికే మొక్కలు, గడ్డిజాతులు పెట్టాడు. ఇది సరైన పనే అంటాను. అంతమంది తోటమాలులు ఇప్పుడెక్కడున్నారు?

నది పక్కన డచ్ తోటల రూపకర్త పీట్ ఔడోల్ఫ్ మోలీనియా అనే గడ్డిని ప్రవాహంలా పరిచాడు. శరదృతువులో అది బంగారు రంగుకు తిరుగుతుంది. పక్కనే పారే ట్రెంట్ డ్యూక్ కాలం కన్నా ఎంతో శుభ్రపడింది. అయినా భారీ వానలకు డ్రైనేజీ పొంగి ఇంగ్లాండ్ నదుల్లో కలవడం ఇంకా ఆగలేదు.