నిజాం రాజా, కాదా? మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

చౌమహల్లా ప్యాలెస్ చూసి వచ్చిన రోజు ఫోన్‌లో అడిగారు: "నిజాం రాజే కదా తాతయ్యా, మరి ఆయన మీద ఇంగ్లీషువాళ్ల పెత్తనం ఏమిటి?" రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఓరుగల్లు సంగతి చెప్పాలి. కాకతీయులు మొదట చాళుక్యులకు సామంతులు. రుద్రదేవుడు తన విజయాలను 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో చెక్కించాడు. కాకతీయులు అప్పటికే స్వతంత్రులయ్యారని చరిత్రకారులు అంటారు. అయినా సామంతులు వాడే 'మహామండలేశ్వర' బిరుదును ఆ వంశం వెంటనే వదిలెయ్యలేదు. తర్వాత రుద్రమదేవి 'రాయగజకేసరి' అనిపించుకుంది. శత్రురాజులనే ఏనుగుల పాలిటి సింహమన్నమాట. ఆ బిరుదు పెట్టుకోమని ఆమెకు పైనుంచి ఎవరూ కాగితం పంపలేదు. రాజు తన బిరుదును తానే రాతి మీద చెక్కించుకునేవాడు. పక్క రాజుకు అది నచ్చకపోతే యుద్ధానికి వచ్చేవాడు. అది బంగారు కాలమని నేను అనను, ఆ యుద్ధాల్లో చచ్చిపోయింది మామూలు ఇళ్ల పిల్లలే. కానీ బిరుదు నిలవాలంటే దాని వెనక బలం ఉండాల్సిందే.

ఇక నిజాం దగ్గరికి వద్దాం. మొదటి నిజాం మీర్ ఖమ్రుద్దీన్‌కు 'నిజాం ఉల్ ముల్క్', 'అసఫ్ జా' అనే బిరుదులు రెండూ ఢిల్లీ మొఘల్ చక్రవర్తులు ఇచ్చినవే. 1724లో శకర్‌ఖేడా యుద్ధం గెలిచాక దక్కన్ ఆయన చేతికి వచ్చింది. సైన్యం, పన్నులు, ఖజానా అన్నీ ఆయనవే. అయినా ఆయన గానీ, తర్వాతివాళ్లు గానీ 'పాదుషా' అని పెట్టుకోలేదు. 1857 తిరుగుబాటు ముగిసేదాకా హైదరాబాద్ నాణేల మీద మొఘల్ చక్రవర్తి పేరే ఉండేది. పేరుకు నౌకరు, పనికి రాజు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు.

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో ఉంటుంది, దాని ఖర్చు నిజాం భరించాలి. ఇంకే రాజుతో మాట్లాడాలన్నా కంపెనీ చెప్పినట్టు నడుచుకోవాలి. తర్వాత ఇంగ్లీషు అధికారుల కింద హైదరాబాద్ కాంటింజెంట్ అని మరో సైన్యం తయారైంది. దాని జీతాల బాకీ కొండలా పెరిగింది. ఆ బాకీ కిందే 1853లో ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న, పత్తి పండే బెరార్ ప్రాంతాన్ని కంపెనీ తన పాలనలోకి తీసుకుంది.

తర్వాత బిరుదుల జోరు మొదలైంది. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని 'కైసర్ ఎ హింద్' అని ప్రకటించారు. మన నిజాం మహబూబ్ అలీ ఖాన్ కూడా వెళ్లాడు. అప్పటికి ఆయనకు పదేళ్లు, ఇంచుమించు మీ ఈడువాడే. రాజుల గౌరవాన్ని ఫిరంగుల మోతతో లెక్కించారు. చక్రవర్తిణికి 101, వైస్రాయికి 31, హైదరాబాద్, మైసూరు, బరోడాలకు 21, ఇలా దిగుతూ తొమ్మిది దాకా. చాలా చిన్న సంస్థానాలకు ఒక్క మోత కూడా లేదు. ఈ పండగ జరుగుతున్నప్పుడే రాయలసీమలో, మద్రాసు ప్రెసిడెన్సీలోని మిగతా జిల్లాల్లో ధాత కరువు జనాన్ని లక్షల్లో పొట్టన పెట్టుకుంటోంది. ఆ దర్బారు గురించి ఎప్పుడు చదివినా నా కడుపు రగులుతుంది.

1902లో వైస్రాయి కర్జన్ బెరార్‌ను ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకు భారీగా డబ్బిచ్చాడు. అందుకు మెచ్చి 1918లో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అన్నారు. మిగతా రాజులు ఉత్త 'హైనెస్'లే, ఈయనొక్కడే ఓ మెట్టు పైన. ఆ ధైర్యంతో ఆయన బెరార్ తిరిగి ఇమ్మని అడిగాడు. 1926లో వైస్రాయి రీడింగ్ జవాబు రాశాడు: ఈ దేశంలో బ్రిటిష్ వారి అధికారమే సర్వోన్నతం, ఏ సంస్థానాధీశుడూ వారితో సమానంగా కూర్చుని బేరమాడలేడు అని. పదేళ్ల తర్వాత, 1936లో, నిజాం పెద్దకొడుకు ఆజం జాకు 'ప్రిన్స్ ఆఫ్ బెరార్' అనే బిరుదు ఇచ్చారు. బెరార్ పాలన మాత్రం ఇంగ్లీషువాళ్లే చూసుకున్నారు! నేల అడిగితే దాని పేరు చేతిలో పెట్టారు. మీ ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు ఇదే.

కోస్తాలో అయితే ఈ మార్పు ఇంకా ముందే వచ్చింది. విజయనగరం చిన విజయరామరాజును పింఛను తీసుకుని మచిలీపట్నం వెళ్లి బతకమంది కంపెనీ. ఆయన ఒప్పుకోలేదు. 1794లో పద్మనాభం దగ్గర పోరాడి చనిపోయాడు. ఆయన వారసులు జమీందార్లుగా మిగిలారు. పేర్ల వెనక గజపతి, మన్నె సుల్తాన్ బహదూర్ ఉన్నాయి గానీ, పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, గడువులోగా కట్టకపోతే జమీ వేలానికి పోయే రోజులవి.

హైదరాబాద్ 1948లో భారతదేశంలో కలిసింది. నిజాం 1956 దాకా రాజప్రముఖ్‌గా, అంటే గవర్నరులాంటి పదవిలో, ఉన్నాడు. మాజీ రాజుల భరణాలనూ, వారికి రాజులుగా ఉన్న గుర్తింపునూ 1971లో 26వ రాజ్యాంగ సవరణ తీసేసింది. అంతకుముందే 18వ అధికరణం సైనిక, విద్యా బిరుదులు తప్ప ప్రభుత్వం ఇంకే బిరుదులూ ఇవ్వకూడదని కట్టడి చేసింది. మరి పద్మశ్రీ ఏమిటని మీ తర్వాతి ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దాని మీద సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది: అది పురస్కారమే గానీ బిరుదు కాదు, పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించుకోకూడదు. ఈసారి పోస్టర్ల మీద అలా కనిపిస్తే ఫొటో తీసి నాకు పంపండి.

మీ తాతయ్య